ఏడో హోల్‌లో ఐదు

రెండేళ్ళ కిందట, వేసవిలో, మర్టల్ బీచ్‌లో నేనొక అబద్ధం ఆడాను. ఒకే ఒక్క అంకె. దానివల్ల ఎవరికీ పైసా నష్టం లేదు. ఆ మాట విన్న మనిషి పేరు కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆఫీసులోనూ, ఇంట్లోనూ, అమ్మతో ఫోన్‌లోనూ చాలానే ఆడి ఉంటాను. అవేవీ ఇలా వెంటపడలేదు. ఇదెందుకు పడుతోందో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

షార్లెట్‌లో ఉండే మా బోటివాళ్ళకి మర్టల్ బీచ్ అంటే కారెక్కిన నాలుగు గంటల్లో వచ్చే సముద్రం. సోమవారం సెలవొస్తే చాలు, రైస్ కుక్కర్, పచ్చళ్ళు, ఇడ్లీపిండి కార్లో పెట్టుకుని రెండు మూడు కుటుంబాలు బయల్దేరతాం. సౌత్ కరొలైనా తీరం పొడవునా దాదాపు 60 మైళ్ళ ఇసుక, ఆ ఇసుక వెనకాల పదుల కొద్దీ గోల్ఫ్ కోర్సులు. మొదటిది 1927లో వచ్చింది. ఇప్పుడు గోల్ఫ్ కోసమే దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికొస్తారు. చాలా కోర్సుల్లో సభ్యత్వం అక్కర్లేదు. డబ్బు కట్టి, కాలరున్న చొక్కా వేసుకుంటే ఎవరైనా ఆడొచ్చు.

అలా ఒక పొద్దున్న బావా, నేనూ వెళ్ళాం. ఇద్దరమే ఉన్నామని మాతో ఒక పెద్దాయనని కలిపారు. డెబ్బై దాటి ఉంటాయి. స్కోరు కార్డు తనే రాస్తానన్నారు. రెండో హోల్ దగ్గర ఆయన బంతి కొట్టబోతుంటే బావకి హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. స్పీకర్లో. "ఆఁ, ఏంట్రా విశేషాలు?" ఆయన క్లబ్బు దించి, బావ మాట్లాడటం అయ్యేదాకా ఆగి, నవ్వి, మళ్ళీ నిలబడ్డారు. నాకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఆ తర్వాత నా ధ్యాసంతా మర్యాదల మీదే. ఎవరి బంతి దారినీ తొక్కకూడదు. నీడ పడకూడదు. కొట్టేటప్పుడు కదలకూడదు. ఇసుక గుంటలోంచి ఆడాక మన అడుగులు మనమే రేక్‌తో చెరిపేయాలి. వెనక వచ్చేవాళ్ళు మనకంటే వేగంగా ఆడుతుంటే పక్కకి తప్పుకుని దారివ్వాలి. బావ వంతు కూడా నేనే పాటించాను.

ఇక ఏడో హోల్. నా మొదటి షాట్ కుడివైపు పైన్ చెట్లలోకి పోయింది. వెళ్ళి చూస్తే బంతి ఒక వేరుని ఆనుకుని ఉంది. బావ ఎటో ఉన్నాడు. పెద్దాయన అటు తిరిగి ఉన్నారు. బూటు కొసతో బంతిని జానెడు దూరం పక్కకి నెట్టాను. అక్కణ్ణుంచి మంచి షాట్ పడింది. మొత్తం ఐదు దెబ్బల్లో బంతి గుంటలో పడింది.

గ్రీన్ దిగుతూ ఆయన జేబులోంచి పొట్టి పెన్సిల్ తీసి "నీకెన్ని?" అని అడిగారు.

"ఐదు."

ఆయన రాసుకున్నారు. నా వైపు చూడను కూడా లేదు.

బంతిని కావాలని జరిపి, వెనక్కి పెట్టకుండా అక్కణ్ణుంచే ఆడితే రెండు దెబ్బల పెనాల్టీ. అంటే నాది ఏడు. నేను బంతిని కొట్టింది మాత్రం ఐదుసార్లే, ఆ మేరకు నిజమే చెప్పాను. ధర్మరాజు గొంతు తగ్గించయినా "కుంజరః" అన్నాడు. నేను అదీ అనలేదు.

మా చిన్నప్పటి వీధి క్రికెట్‌లో అంపైర్ ఎప్పుడూ బ్యాటింగ్ టీమ్ వాడే. ఔటని నిరూపించడం అవతలివాళ్ళ పని. కాదని అరవడం మన పని. బంతి బ్యాటుకి తగిలిందని మనకి తెలిసినా సరే, అడగందే చెప్పం, అడిగినా చెప్పం. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. ఆట అంటేనే అది. అందుకే 1980లో బొంబాయి టెస్టులో అంపైర్ ఔటిచ్చాక కూడా గుండప్ప విశ్వనాథ్ ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ని వెనక్కి పిలిచాడని, ఆ మ్యాచ్ మనం ఓడిపోయామని చెప్పుకునేటప్పుడు మా నాన్న గొంతులో గౌరవమూ ఉండేది, కొంచెం విసుగూ ఉండేది.

గోల్ఫ్‌లో మామూలుగా అంపైర్ ఉండడు. పెద్ద పోటీల్లో రిఫరీలున్నా, ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలన్నదే నియమం. ఈ మాట ఎత్తగానే గోల్ఫ్ ఆడేవాళ్ళు బాబీ జోన్స్ కథ చెబుతారు. 1925 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో, రఫ్‌లో ఉన్న బంతి దగ్గర క్లబ్బు ఆనించబోతుంటే అది కాస్త కదిలిందన్నాడు జోన్స్. అధికారులెవరూ చూడలేదు. పట్టుబట్టి తనకి తనే ఒక దెబ్బ వేసుకున్నాడు. చివరికి విల్లీ మాక్‌ఫార్లేన్‌తో స్కోరు సమమైంది, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే ప్లేఆఫే లేదు. ఎవరో మెచ్చుకుంటే, బ్యాంకు దోచుకోనందుకు కూడా మెచ్చుకుంటారా అన్నాడట.

ఇంటికొచ్చాక నేనూ ఈ కథ దగ్గరే ఆగిపోయాను. జోన్స్ మంచివాడు, నేను కాదు, అయిపోయింది అనుకున్నాను. కానీ కాస్త ముందుకెళ్ళి చదివితే కథ అంత తిన్నగా లేదు.

చార్లీ సిఫర్డ్ పుట్టింది మా షార్లెట్‌లోనే, 1922లో. చిన్నప్పుడు తెల్లవాళ్ళ గోల్ఫ్ సంచులు మోశాడు. ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం 1934లో, సభ్యులు తెల్లజాతివాళ్ళే అయి ఉండాలని తన రాజ్యాంగంలో రాసుకుంది. 1961లో గానీ దాన్ని తీసెయ్యలేదు. అప్పటికి సిఫర్డ్‌కి నలభై దగ్గర పడుతున్నాయి. ఆ తర్వాత 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెలెస్‌లో గెలిచాడు. అయినా అగస్టాలో జరిగే మాస్టర్స్‌కి ఆయనకి ఒక్కసారి కూడా పిలుపు రాలేదు. అగస్టా క్లబ్బుని పెట్టినవాళ్ళలో ఒకడు బాబీ జోన్స్. అక్కడ మొదటి నల్లజాతి సభ్యుడు 1990లో వచ్చాడు, మొదటి మహిళలు 2012లో.

ఎవరూ చూడని బంతి కదలికకి నిద్రపట్టని మనుషులు, అందరికీ కనిపించే కంచెని అంతకాలం ఎలా భరించారు? కపటం అని కొట్టిపారేయొచ్చు. కానీ జోన్స్ నిజాయితీ నటన కాదని నేననుకుంటున్నాను. అది నిజమే, కాకపోతే దానికో సరిహద్దుంది. తనతో ఆడేవాళ్ళకి ఆయన అణువంత కూడా బాకీ ఉండడు. ఎవరు తనతో ఆడొచ్చు అన్న ప్రశ్న మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. మనకిది కొత్తేం కాదు. పంక్తిలో ఎవరికి ముందు వడ్డించాలో, ఎవరు తినేదాకా ఆగాలో తెలిసిన ఇళ్ళలోనే, ఆ పంక్తిలో కూర్చోనివ్వని మనుషులూ ఉండేవాళ్ళు. వడ్డనలో తేడా రానివ్వని మర్యాదకి ఆ తేడా కనపడలేదు.

ఇంత చదివాక నాకు ఒక సాకు దొరికింది. ఈ మర్యాదలన్నీ పెద్దమనుషుల గేటుకి కాపలాదార్లు, నా బూటు కొస చేసింది ఒక చిన్న తిరుగుబాటు అని. కొన్నాళ్ళు అలాగే చెప్పుకున్నాను. బావకి చెబితే పకపకా నవ్వి, "తిరుగుబాటైతే ఆయన ముందే తన్నాల్సింది కదరా" అన్నాడు.

నిజం నేను ఒప్పుకోడానికి ఇష్టపడనంత మామూలుది. నేను పెరిగింది విశాఖలో. ఈస్ట్ పాయింట్ కోర్సు పచ్చగా, కంచె అవతల నుంచి కనిపించేది. లోపలికి వెళ్ళడం అనే ఆలోచనే రాలేదెప్పుడూ. ఆ పొద్దున మర్టల్ బీచ్‌లో నేను లోపల ఉన్నాను. బావ ఫోన్ వల్ల మా గుట్టు బయటపడిందనిపించింది. ఏడు అని చెబితే ఆడటం రానివాడినవుతానని, ఐదు అంటే అలవాటున్నవాడిలా ఉంటానని, ఆలోచించకుండానే లెక్క వేసుకున్నాను. గేటుని ధిక్కరించలేదు. గేటు దగ్గర మంచి పేరు కోసం అబద్ధమాడాను. నన్నెవరూ ఆపని చోట, నాకు నేనే కాపలావాణ్ణి పెట్టుకున్నాను.

మరి ఆయన చేసిందేమిటి? ఫోన్ మోగితే ఆగారు. తర్వాత "నీకెన్ని?" అని అడిగారు. నా రంగు, నా యాస, నా ఆట చూసి కూడా, నేను ఎంతంటే అంత రాసుకోడానికి సిద్ధపడి అడిగారు. సిఫర్డ్ తరానికి దొరకనిది ఆ ప్రశ్నే కదా అనిపిస్తుంది. ఆయన నన్ను ఆటగాడిగా లెక్కలోకి తీసుకున్న క్షణంలోనే నేను తప్పు లెక్క ఇచ్చాను.

పద్దెనిమిదో హోల్ అయ్యాక ఆనవాయితీ ప్రకారం టోపీలు తీసి చేతులు కలుపుకున్నాం. ఆయన కార్డు నా చేతికిచ్చి, "ఏడో హోల్‌లో ఆ చెట్లలోంచి ఐదు అంటే మాటలు కాదు" అన్నారు. థాంక్స్ అన్నాను. లెక్కప్రకారం అది రెండో అబద్ధం. మొదటిది నోరు జారిందనుకోవచ్చు. దీనికి మాత్రం నాకు సమయం దొరికింది, ఆయన మొహం ఎదురుగా ఉంది.

ఆ సాయంత్రం బీచ్‌లో మా మేనకోడలు నడుము లోతు గుంట తవ్వింది. వెళ్ళేముందు పూడ్చాలి, రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళు అందులో పడిపోతాయి అని చెప్పాను. "ఇవాళ వస్తాయా?" అంది. తెలీదన్నాను. కాసేపు ఆలోచించి, పూడ్చడం మొదలెట్టింది. మర్నాడు పొద్దున్నే మేము వెళ్ళిపోతాం, తాబేలు వచ్చిందో లేదో ఎప్పటికీ తెలీదు. విహారానికొచ్చినచోట మర్యాదకి సాక్షులుండరు, ఫలితం కూడా కనపడదు. ఇసుక గుంటలో నేను చెరిపిన అడుగులు ఎవరి బంతికి అడ్డం రాలేదో నాకెప్పుడు తెలిసింది గనక? కాలరూ చొక్కా నాకోసం వేసుకున్నది. ఆ రేక్ పట్టుకున్నది మాత్రం వెనక వచ్చే, నేను చూడబోని మనిషి కోసం. రెంటినీ మర్యాదే అంటాం. నేను ఆ రోజు మొదటిది తప్పకుండా పాటించి, రెండోదాంట్లో సగమే పాటించాను.

షార్లెట్‌లో ఒకప్పుడు నల్లజాతివాళ్ళని ఆడనివ్వని సిటీ కోర్సుకి ఇప్పుడు సిఫర్డ్ పేరే పెట్టారు. తొమ్మిది హోల్సే, ఖరీదూ తక్కువ. పోయిన నెలలో ఒక్కణ్ణే వెళితే, ఒక కుర్రాడితో జత కలిపారు. నాలుగో హోల్‌లో నా బంతి గడ్డిలో, చెట్టు మొదట్లో దొరికింది. చుట్టూ ఎవరూ లేరు. అక్కణ్ణుంచే ఆడాను, రెండుసార్లు తప్పాను.

"నీకెన్ని?" అన్నాడా కుర్రాడు.

వేళ్ళమీద లెక్కపెట్టి, "ఎనిమిది" అన్నాను.

రాసుకున్నాడు. నా వైపు చూడను కూడా లేదు.