చూపువాని ధర్మము – చూచువాని ధర్మము

పుణ్యక్షేత్రమునకు పోయినవాడు కన్నులతో చూచును. చెవులతో ఇంటికి తెచ్చుకొనును. చూచిన శిల్పము కొన్నాళ్లకు మసకబారును. విన్న మాట మాత్రము నిలిచి బంధువులకు, ఇరుగుపొరుగువారికి, మనుమలకు చేరును. కాబట్టి క్షేత్రమున యాత్రికుని చెవిలో మాట వేయువాని బాధ్యత చిన్నది కాదు. ఆ మాటను కోరి వినువాని బాధ్యతయు అంతకంటె తక్కువది కాదు.

పూర్వము యాత్ర యనగా నెలల తరబడి నడక. చేరిన చోట మూడు రాత్రులు నిద్రచేయుట, నదీస్నానము, అర్చకుల నోట క్షేత్రమాహాత్మ్యము వినుట, సత్రపు అరుగుపై ఊరిపెద్దలు చెప్పు సంగతులు ఆలకించుట – ఇట్లు క్షేత్రము మెల్లమెల్లగా మనసున ఇంకెడిది. నేటి యాత్రికునకు అంత తీరిక లేదు. దొరికిన సెలవులో ప్రయాణమునకు పోగా మిగులునది ఒక్క దినము. ఒక వాహనమును, ఒక గైడును తన కుటుంబము కొరకే మాట్లాడుకొని, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు చూడదగినవన్నియు చూచి మరలును. ఇది తప్పనుటకు వీలులేదు. నడవలేని వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు ఆ ఒక్క దినమే దైవానుగ్రహము. కాని ఇక్కడ ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. శతాబ్దముల చరిత్రను ఒక్క పగటిలో చెప్పవలసిన ఆ గైడు, తనకు సొమ్ము ఇచ్చువారిని సంతోషపెట్టు మాట చెప్పవలెనా, నిజమైన మాట చెప్పవలెనా? రెండును ఒక్కటైన చోట చిక్కు లేదు. వేరైన చోట ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె ఒక నగరమున నిలిచి చర్చించుట మేలు. తెలుగువారికి ఆత్మీయమైన హంపీ విజయనగరము అందులకు తగిన చోటు. తుంగభద్రకు దక్షిణపుటొడ్డున, నేటి కర్ణాటక రాష్ట్రములో నున్న ఈ మహానగరము 14వ శతాబ్దమున వెలసి, రెండు వందల ఏండ్లకు పైగా వెలిగి, 1565లో రక్కసి-తంగడి యుద్ధము తరువాత దోపిడికి, అగ్నికి గురియై పాడుపడినది. 1986లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. రాజులు పోయినను, మేడలు కూలినను, విరూపాక్షస్వామి కోవెలలో నిత్యపూజ నేటికిని జరుగుచున్నది.

ఒక తెలుగు కుటుంబము అక్కడికి వచ్చినదనుకొందము. వృద్ధుడైన తాతగారు, కుమారుడు, కోడలు, పదేండ్ల మనుమడు. వారికి లభించు గైడు రెండు విధములవాడు కావచ్చును. ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూతము.

విరూపాక్షుని తూర్పు గోపురము తొమ్మిది అంతస్తులది. ఆలయము వెనుకవైపున ఒక చీకటి గదిలో, గోడకున్న సన్నని రంధ్రము గుండా వచ్చిన వెలుగు ఎదుటి గోడపై ఆ గోపురమును తలక్రిందులుగా చూపును. మొదటి గైడు, “ఇది ఏ శాస్త్రమునకును అందని మహిమ” అనును. కుటుంబమంతయు చేతులు జోడించును. రెండవ గైడు మనుమని దగ్గరకు పిలిచి, “బాబూ, వెలుగు తిన్నగా పోవును గదా! గోపురపు కొననుండి వచ్చిన కిరణము ఈ కంతలో దూరి క్రిందికి దిగును, పాదమునుండి వచ్చినది పైకి పోవును” అని చెప్పి, కంతకు చేయి అడ్డము పెట్టును. గోపురము మాయమగును. చేయి తీయగానే మరల నిలుచును. బాలుడు తానును చేయి పెట్టి చూచి మురియును. వాని భక్తికి ఏ కొరతయు రాదు. మొదటి గైడు మాట విన్న బాలుడో, బడిలో ఆ పాఠము చదివిన నాడు “గుడిలో చెప్పినది అబద్ధము” అనుకొనును. ఒక్క అబద్ధము బయటపడిన పిదప, గుడిలో విన్న నిజములను సైతము వాడు సందేహించును. మహిమను పెంచబోయిన మాట మహిమకే చేటు తెచ్చినది.

రాజప్రాసాదముల ఆవరణమునకు వచ్చుసరికి ప్రశ్న మరింత సున్నితమగును. తెలుగువాని మనసు అక్కడ వెదకునది భువనవిజయము. ఆముక్తమాల్యద రచించిన రాయలవారు కవులతో కొలువుతీరిన సభ. “నాయనా, ఆ సభ జరిగిన చోటు ఏది? పెద్దనగారి పల్లకికి రాయలవారు చేయూతనిచ్చిరందురే, అది ఎక్కడ?” అని తాతగారు అడుగును. ఈ ప్రశ్న కొరకే ఆయన మోకాళ్ల నొప్పిని ఓర్చుకొని ఇంత దూరము వచ్చినాడు. మొదటి గైడు ఎదుటి అరుగును చూపి, “ఇక్కడనే, ఈ రాతిమీదనే” అనును. తాతగారు వంగి ఆ రాతిని తాకి కన్నుల కద్దుకొనును. రెండవ గైడు ఒక క్షణమాగి, “అయ్యా, ఇదే ఆ సభ అని గట్టిగా చెప్పుటకు ఆధారము నాకు తెలియదండీ. దీనిని రాజుగారి కొలువుకూటమందురు. కొయ్యతో కట్టిన భాగములు పోయినవి, రాతి పునాది మిగిలినది. స్తంభములు నిలిపిన గుర్తులు చూడండి, వరుసకు పది, పది వరుసలు” అనును. మనుమడు లెక్కపెట్టుటకు పరుగెత్తును. తాతగారి ముఖము చిన్నబోవును. కుమారుడు, “తెలియదనిపించుకొనుటకా ఇంత ఇచ్చి మాట్లాడుకొన్నది?” అని గొణుగును.

అసలు చిక్కు ఈ గొణుగుడులోనే ఉన్నది. మొదటి గైడు మాటవలన ఎవరికి నష్టము? తాతగారు కన్నుల కద్దుకొన్నది ఏ రాయి యైనను, ఆయన భావము పవిత్రమే. భగవంతుడు భావమును గ్రహించును గాని రాతి చిరునామా అడుగడు. ఆ మాట ఒప్పుకొనవలసినదే. నష్టము మొదట కలుగునది చెప్పినవానికి. దినదినము తెలియనిదానిని తెలిసినట్లు చెప్పువానికి కొంతకాలమునకు తనకు తెలిసినదేదో, తెలియనిదేదో తనకే గుర్తుండదు. వాక్కు సరస్వతి యని నమ్మిన దేశమున ఇది చిన్న నష్టము కాదు. తరువాతి నష్టము విన్నవారి సంతతికి. ఆ తాతగారు తన మనుమనికి ఇచ్చిపోవు ఆస్తిలో ఒక దొంగనాణెము చేరినది. మనుమడు దానిని మంచి నాణెమనియే మరియొకరికి ఇచ్చును.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. స్థలపురాణములన్నియు ఆధారములతో చెప్పబడినవా? వాలిసుగ్రీవుల కిష్కింధ ఈ ప్రాంతమేయని విశ్వాసము. మతంగ పర్వతము, పంపాసరస్సు, ఆనెగొంది వైపున అంజనాద్రి చూపుదురు. తిరుమల అంజనాద్రియే ఆంజనేయుని జన్మస్థానమని తెలుగునాట విశ్వసించువారు అనేకులు. ఇందులో ఎవరు అసత్యవాదులు?

ఎవరును కారు. స్థలపురాణము తన్ను తాను స్థలపురాణముగానే చెప్పుకొనును. అది సాక్షిమాట కాదు, స్మరణ. రాముని తలచుకొనుటకు ఒక కొండ దొరికినచో ఆ కొండకు ప్రణమిల్లుట భక్తుని స్వభావము. మంచి గైడు “ఇచ్చటివారి విశ్వాసమిది” అని భక్తితో చెప్పును. శాసనమున ఉన్నదానిని “శాసనమున ఉన్నది” అనును. జనులు చెప్పుకొనుదానిని “చెప్పుకొందురు” అనును. సత్యమునకు ఇంతకంటె పెద్ద మూల్యము లేదు. ‘అందురు’ అను ఒక్క చిన్న మాట చాలును. ఆ మాటను మ్రింగినచో విశ్వాసము సైతము అసత్యమై కూర్చుండును. హంపీలో ‘పద్మ మహలు’, ‘ఏనుగుల సాల’, ‘రాణిగారి స్నానఘట్టము’ అను పేర్లు తరువాతి కాలమువారు పెట్టుకొన్నవి. పేరు విన్నవాడు రాణిని, ఏనుగును ఊహించుకొనుటలో దోషము లేదు. ‘తరువాత పెట్టిన పేరు’ అని చెప్పుటవలన ఊహకు భంగమును లేదు.

ప్రియమైన అసత్యము కొన్నిచోట్ల రాతిని కూడ గాయపరచును. విఠలాలయపు మహామండపములోని సన్నని స్తంభములను తట్టినచో నాదము పుట్టును. పూర్వము వీనిని వ్రేళ్లతో, కఱ్ఱలతో మ్రోగించి చూపుట ఒక వేడుకగా సాగినది. వినోదము ఎందరికో కలిగినది. అరుగుదల ఆ స్తంభములకు కలిగినది. ఇప్పుడు తట్టుట నిషిద్ధము. ఆ ఎదుటనే ఉన్న శిలారథమును అందరును ఛాయాచిత్రము తీసుకొందురు. 2017లో వచ్చిన 50 రూపాయల నోటుపైనను అది ఉన్నది. అది నిజమునకు గరుత్మంతుని ఆలయమని, స్వామి కెదురుగా చేతులు జోడించిన భక్తుని స్థానమని ఒక్క మాట చెప్పు గైడు లభించినచో, చూచువాని చేయి స్తంభమును తట్టుటకు పోక నమస్కారమునకు లేచును.

మరి కొన్నిచోట్ల అది మనుష్యుల మనసులను గాయపరచును. నగరవిధ్వంసము చెప్పవలసిన ఘట్టమున గైడు మాటకు పదును ఎక్కువ. జరిగినదానిని దాచుట అసత్యము. విరిగిన విగ్రహము ఎదుట నిలిచి ఏమియు జరుగలేదనుట ఎవరికిని తగదు. జరిగినదానిని పెంచి, వినువారి నెత్తురు కాగునట్లు చెప్పుటయు అసత్యమే. దక్కను సుల్తానుల సేనలతో పోరిన విజయనగర సైన్యమునను ముస్లిము సైనికులు, సేనానులు ఉండిరి. పద్మ మహలు కమానులలో, ఏనుగుల సాల గుమ్మటములలో వారి శిల్పరీతి కనిపించును. ఈ రెండు సంగతులను కలిపి చెప్పుటకు ఎక్కువ సమయము పట్టదు. ఎక్కువ ధైర్యము కావలెను.

ఇంతవరకు చెప్పినది చూపువాని ధర్మము. దానిని అతడొక్కడే మోయలేడు. అద్భుతము చెప్పినవానికి నవ్వుతో అదనముగా సొమ్ము ఇచ్చి, “తెలియదండీ” అన్నవానికి ముఖము ముడిచి ఒప్పుకొన్నది మాత్రమే చేతిలో పెట్టు యాత్రికుడు, తరువాత వచ్చువారికి అబద్ధమును సిద్ధము చేయించుచున్నాడు. గైడునకును ఇల్లున్నది, బిడ్డలున్నారు. ఏ మాటకు అన్నము పుట్టునో ఆ మాటనే నాలుక నేర్చుకొనును. వానిని అసత్యవాది యని నిందించుటకు ముందు, ఆ అసత్యమునకు వెల కట్టినది ఎవరో విచారింపవలెను. పాపములో చెప్పినవానికి ఒక పాలు, కోరి చెప్పించినవానికి మరియొక పాలు.

కావున చూచువాడు పాటింపవలసినవి కష్టమైనవేమియు కావు. “ఇది శాసనమా, పెద్దల మాటా?” అని మర్యాదగా అడుగుట. పది చోట్లు పరుగెత్తుటకంటె ఐదు చోట్ల నిలుచుట. తెలియదన్నవానిని గౌరవించుట. పిల్లల ఎదుట ఈ మూడును చేసినచో, ఆ ఒక్క దినపు విహారము యాత్రయగును.

ఆ కుటుంబము సాయంకాలము తిరుగుదారిలో లక్ష్మీనరసింహస్వామి ఎదుట ఆగినదనుకొందము. 1528లో కృష్ణదేవరాయలు ప్రతిష్ఠింపజేసిన ఏకశిలామూర్తి. ఎత్తు ఇరువది అడుగులకు పైమాటే. పెద్ద కన్నులు, తెరచిన నోరు, విరిగిన చేతులు. జనులు ‘ఉగ్రనరసింహుడు’ అందురు. మొదటి గైడు ఆ పేరే చెప్పి, స్వామి కోపమును గూర్చి ఒక భయంకరమైన కథ చెప్పి ముందుకు నడచును. రెండవవాడు తాతగారిని మెల్లగా ప్రక్కకు నడిపించి వ్రేలు చూపును. “అయ్యా, ఈయన ఉగ్రుడు కాడు. ఒడిలో అమ్మవారు ఉండెడిది. ఆ విగ్రహము విరిగిపోయినది. స్వామిని చుట్టుకొన్న ఆమె చేయి మాత్రము మిగిలినది, అదిగో చూడండి.”

తాతగారు చాలసేపు ఆ చేతిని చూచును. ప్రొద్దుటి నిరాశ ఆయనకు గుర్తుండదు. విడిచిపోయిన దేహమునకు కూడ విడువని ఆలింగనము ఆ రాతిలో ఉన్నది. ఏ కల్పితకథయు ఇంత చెప్పలేదు. కుమారుడు ఈసారి ఏమియు గొణుగడు. బిడ్డను ఎత్తుకొని ఆ చేయి కనబడునట్లు నిలుచును.

సత్యమే దైవమని పెద్దలు చెప్పుట కేవలము నీతిబోధ కాదు. నిజము ఎదుట ఓర్పుతో నిలిచినవానికి దర్శనము లభించును. ఆ దర్శనము కలిగించిన గైడు చేతిలో తాతగారు పెట్టునది కూలి కాదు, సంభావన.