రబ్బరు ముక్క

2020లో కరోనా వచ్చి బళ్ళన్నీ మూతపడిన రోజులు గుర్తున్నాయా? పిల్లలు ఇంట్లోనే ఫోను ముందు కూర్చుని పరీక్షలు రాసేవారు. మా పిన్ని కూతురు వాళ్ళబ్బాయి పరీక్ష రాస్తుంటే, మంచానికి అవతలివైపు, కెమెరా కంటికి ఆనకుండా నేలమీద చతికిలబడి, ఒళ్ళో పుస్తకం తెరిచిపెట్టుకుని జవాబులు అందించేది. మధ్యలో కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా లేవడానికి లేదు. ఆ పూట పప్పు అడుగంటింది గాని, అబ్బాయికి మాత్రం నూటికి 96 వచ్చాయి.

ఈ సంగతంతా ఫోనులో చెప్పి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. "అందరూ అదే చేస్తున్నారక్కా, మనమొక్కళ్ళం మడి కట్టుకు కూచుంటే వాడు వెనకబడిపోడూ?" అంది. పోతాడు మరి, నిజమే అన్నాను.

ఫోను పెట్టేశాక మాత్రం ఎక్కడో సన్నటి ముల్లు విరిగి ఉండిపోయినట్టనిపించింది. ఆ 96 ఎవరివి? వాడివి కావు. పోనీ అమ్మవా అంటే, పుస్తకం చూసి చెప్పినదానికి ఆవిడకి మాత్రం మార్కులెందుకు? ఎవరివీ కాని మార్కులు ఒక కాగితం మీద కూర్చుని అందరినీ సంతోషపెడుతున్నాయి. ఇందులో మోసపోయింది ఎవరు?

ఈ ప్రశ్న అలా ఉండిపోబట్టే కాబోలు, అమెరికాలో అట్లాంటా నగరం బళ్ళ కథ చదివినప్పుడు అది నాకు పరాయి ఊరి కథలా తోచలేదు.

అక్కడ స్కూలు డిస్ట్రిక్టు అంటే మన కలెక్టరుగారి జిల్లా కాదు. బళ్ళ కోసమే ఏర్పడిన చిన్న సంస్థానం అనుకోండి. దానికొక బోర్డు, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంటు. ఖర్చులో పెద్ద వాటా ఆ చుట్టుపక్కల ఇళ్ళమీదా స్థలాలమీదా వేసే పన్నుల్లోంచే వస్తుంది. అంటే మేడలున్న పేటకి మంచి బడి, రేకుల ఇళ్ళ పేటకి రేకుల బడి. ఈ అన్యాయం మీద కెంటకీ రాష్ట్రంలో 66 పేద డిస్ట్రిక్టులు కోర్టుకెక్కితే, 1989లో అక్కడి సుప్రీంకోర్టు రాష్ట్రంలోని మొత్తం బళ్ళ ఏర్పాటే రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. మరుసటి ఏడు కొత్త చట్టం వచ్చింది. డబ్బు పెంచుతాం, మీరు ఫలితాలు చూపించండి, పైకి వచ్చిన బడికి బహుమతి ఇస్తాం, దిగజారితే ఊరుకోం. అదీ బేరం. 2002లో దేశం మొత్తానికీ ఇదే ధోరణిలో ఒక చట్టం చేశారు. 2014 కల్లా ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ చదవడంలోనూ లెక్కల్లోనూ ఒక స్థాయికి చేరి తీరాలన్నారు. ప్రతి ఒక్కరూనట! ఇంట్లో నలుగురికి ఒకే ఉప్పుతో కూర ఒప్పించలేని మనబోటివాళ్ళకి ఆ మాట వింటేనే గుండె దడ పుడుతుంది. ఆ చట్టాన్ని 2015 డిసెంబరులో మార్చేశారు, అది వేరే సంగతి.

అట్లాంటాకి 1999లో బెవర్లీ హాల్ అనే ఆవిడ సూపరింటెండెంటుగా వచ్చింది. జమైకాలో పుట్టిన మనిషి. ఆ బళ్ళలో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు, పేదపిల్లలు. వాళ్ళ పేదరికాన్ని సాకుగా చెప్పడానికి వీల్లేదని ఆవిడ పట్టుబట్టింది. ఇందులో తప్పేముంది? తప్పు లేకపోగా, నాకు ఆ మాటలో గౌరవం కనిపిస్తుంది. "పాపం, వాళ్ళకేం వస్తుంది" అని జాలిపడి ఊరుకోవడం కంటె పెద్ద అవమానం పిల్లలకి ఇంకోటి లేదు. ప్రతి బడికీ ఏటా ఒక లక్ష్యం పెట్టారు. అందుకున్న బళ్ళలో పనిచేసేవాళ్ళకి బోనసు. అందుకోలేని హెడ్‌మాస్టర్లని మార్చేసేవారు. మార్కులు పెరుగుతూ వచ్చాయి. 2009లో ఆవిడని దేశం మొత్తం మీద ఆ ఏటి మేటి సూపరింటెండెంటుగా ఎంపిక చేశారు.

అప్పటికే ఆ ఊరి పత్రికవాళ్ళకి అనుమానం వచ్చింది. ఒక్క ఏడాదిలో అంతంత పెరుగుదల ఎలా సాధ్యమని లెక్కలు తీశారు. రాష్ట్ర ప్రభుత్వం జవాబు పత్రాలని మరమీద పెట్టి చూసింది. ఒకచోట చెరిపి ఇంకోచోట దిద్దిన గుర్తుల్ని కూడా ఆ మర పట్టుకుంటుంది. తప్పు చెరిపి ఒప్పు దిద్దినవి కుప్పలు తెప్పలుగా బయటపడ్డాయి. గవర్నరు వేసిన విచారణ బృందం 2011 జూలైలో ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 56 బళ్ళలో 44 చోట్ల ఈ పని జరిగింది. ఇందులో పాలుపంచుకున్న టీచర్లూ హెడ్‌మాస్టర్లూ కలిసి 178 మంది. కొందరు శని ఆదివారాల్లో ఒక టీచరు ఇంట్లో చేరి మరీ చెరిపారు. రబ్బరు ముక్కలతో పేరంటం!

నవ్వకండి. నేను మొదట నవ్వాను. తరవాత ఆ నివేదికలోని ఇంకో రెండు సంగతులు తెలిసి నవ్వు ఆగిపోయింది. ఏటా అందరు టీచర్లనీ పెద్ద స్టేడియంలో సమావేశపరిచేవారట. లక్ష్యం అందుకున్న బళ్ళవాళ్ళకి కింద, మధ్యలో పీట. అందుకోనివాళ్ళు దూరంగా, పక్కల కూర్చోవాలి. పెళ్ళిపందిట్లో కట్నం తక్కువ తెచ్చిన కోడల్ని మూల కూర్చోబెట్టినట్టు. ఇంకోచోట, పిల్లలకి మార్కులు తక్కువ వచ్చాయని ఒక టీచరు చేత అందరి ఎదుటా బల్ల కింద పాకించారు. పాతికమందికి పాఠం చెప్పే మనిషిని! అలా ఒకసారి చూసినవాళ్ళు మర్నాడు పాఠం ఇంకా బాగా చెబుతారా, రబ్బరు కొనుక్కుంటారా?

నేను ఆ టీచర్లని వెనకేసుకు రావడం లేదు. ఎందుకంటే ఈ కథలో ఒక తల్లి ఉంది. ఆవిడ కూతురు మూడో తరగతి. మామూలు పరీక్షల్లో క్లాసులో అందరికంటె వెనక. రాష్ట్రం పెట్టిన పరీక్షలో మాత్రం అనుకున్న స్థాయిని మించిపోయిందని కాగితం వచ్చింది. ఆ స్థానంలో మనముంటే స్వీట్లు పంచేవాళ్ళం. ఆవిడ పంచలేదు. ఇదెలా సాధ్యమని బడిలో అడిగింది, పైవాళ్ళని అడిగింది. మీ అమ్మాయి పరీక్షలు బాగా రాస్తుందమ్మా అని జవాబు చెప్పి పంపేశారు. మార్కులు అంత బాగున్న పిల్లకి విడిగా సాయం చేయడమెందుకని ఆ సాయం కాస్తా అందలేదు. తొమ్మిదో తరగతికి వచ్చినా ఆ పిల్ల చదివే తీరు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. జ్వరంతో ఉన్న పిల్ల నోట్లోంచి థర్మామీటరు తీసి బాగా విదిలించి, డాక్టరుకి చూపించి, ఒంట్లో బాగానే ఉందమ్మా అని ఇంటికి పంపేసినట్టు.

ఇందులో మోసపోయింది ఎవరు అని అడిగాను కదా. ప్రభుత్వం కాదు, పత్రికలూ కాదు. ఎదురుగా కూర్చుని, చేతనైనంత రాసి, తను తప్పు రాశానని ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్న పిల్ల. తప్పు పిల్లకి ఆస్తి. దాన్ని చూపించే కదా, నాకిది రాలేదు, నేర్పండి అని అడగగలిగేది. ఆ ఆస్తి కాజేశారు.

2013లో సూపరింటెండెంటుతో సహా 35 మంది మీద కేసు పెట్టారు. ముఠాలు కట్టి దోపిడీలు చేసేవాళ్ళ కోసం చేసిన చట్టం కింద! తనకేమీ తెలియదంటూ వచ్చిన హాల్, 2015 మార్చిలో కాన్సరుతో కన్నుమూసింది. విచారణ ఆవిడ దాకా రానేలేదు. ఆ ఏప్రిల్లో 11 మందికి శిక్ష ఖాయమైంది. బడిపంతుళ్ళకి సంకెళ్ళు వేసి కోర్టులోంచి తీసుకువెడుతున్న బొమ్మ పత్రికల్లో చూశాను. తగిన శాస్తి అనుకోవాలని ప్రయత్నించాను. మనసు రాలేదు.

అయితే లక్ష్యాలూ బహుమతులూ పనికిమాలినవా? అదీ అనలేను. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లోని పల్లెటూళ్ళ సర్కారు బళ్ళలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని ఫలితాల్ని లెక్కకట్టారు. పిల్లల సగటు మార్కులు 5 శాతం మించి పెరిగితే, ఆపైన పెరిగిన ప్రతి 1 శాతానికీ టీచరుకి 500 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. రెండేళ్ళకి చూస్తే, ఆ బళ్ళ పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతా బళ్ళ పిల్లలకంటె ముందున్నారు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా! టీచర్లు సెలవులు పెట్టడం మాత్రం తగ్గలేదట. (మరీ అంత మారిపోతే మనవాళ్ళెలా అవుతారు?) వచ్చిన రోజున మటుకు ఇంకాస్త ఒళ్ళు వంచి చెప్పారు, అదనంగా క్లాసులు తీసుకున్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఎవరి బోనసు వాళ్ళకి విడిగా ఇచ్చినచోట 5 ఏళ్ళూ ఫలితం నిలిచింది. బడికంతటికీ కలిపి ఇచ్చినచోట పోనుపోను పలచబడింది. ఉమ్మడి కాపురంలో పెద్ద కోడలిగా ఉన్న ఎవర్నడిగినా ఆ కారణం చెబుతారు.

మరి ఇక్కడ రబ్బరు ముక్కలు ఎందుకు బయటికి రాలేదు? నాకు తోచింది చెబుతాను. ఇక్కడ పరీక్ష పెట్టింది బయటినుంచి వచ్చినవాళ్ళు. వండినవాళ్ళ చేతికే రుచి చూసే గరిటె ఇవ్వలేదు. అంతకంటె ముఖ్యం, పెరిగితే 500 వస్తాయి, పెరగకపోతే రావు, అంతే. ఎవరినీ బల్ల కింద పాకించలేదు, ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆశ పెట్టడం వేరు, పరువు తియ్యడం వేరు. ఆశపడ్డవాడు నాలుగడుగులు ఎక్కువ వేస్తాడు. పరువు పోతుందని హడలిపోయినవాడికి ముందు కనిపించేది అడ్డదారే. పాఠం చెప్పడం మన ధర్మం కదా, దానికి బహుమతేమిటి అనే పెద్దలున్నారు. మా నాన్నగారూ అలాగే అనేవారు. ఆయన మాట కాదనలేను గాని, రోజూ చేసే వంటని ఎవరైనా బాగుందంటే మర్నాడు ఇంకో పోపు గింజ ఎక్కువ వెయ్యాలనిపించడం కూడా అబద్ధం కాదు.

ఇంతా చెప్పి నా సంగతి దాచుకుంటే బాగుండదు.

నేను ఏడో తరగతి చదివేటప్పుడు మాకు జిల్లా మొత్తానికీ ఉమ్మడి పరీక్ష. బడి పర్సంటేజీ పడిపోతే మాస్టర్లకి తలవంపులు. సోషల్ పరీక్ష చివరి అరగంటలో బిట్ పేపర్ ఇచ్చారు. ఆ గదికి కాపలా వచ్చిన మాస్టారు తలుపు దగ్గరగా వేసి, బెంచీల మధ్య నడుస్తూ, పాఠం వల్లెవేస్తున్నట్టు మెల్లిగా జవాబులు చెప్పుకుపోయారు. ఆయన చెప్పేది సోషల్ కాదు, వేరే సబ్జెక్టు. "ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం" దగ్గరికి వచ్చేసరికి "1956" అన్నారు. నేను అప్పటికే 1953 అని రాసి ఉన్నాను. కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రం గురించి మా తాతగారు ఎన్నిసార్లు చెప్పలేదు! 1956 ఆంధ్రప్రదేశ్‌ది. తెలుసు. అయినా చుట్టూ అందరి పెన్నులూ కదులుతుంటే నా మీద నాకే నమ్మకం పోయింది. సగం ఎరుపు, సగం నీలం రబ్బరు ఉండేది చూశారూ, దాని నీలం వైపుతో సిరా రుద్దాను. కాగితం బొంత లేచింది. దానిమీదే 1956 అని దిద్దాను.

బయటికి వచ్చాక నా పక్క బెంచీ అమ్మాయి, "మాస్టారు ఒకటి తప్పు చెప్పారు, నువ్వు రాయలేదు కదూ?" అని అడిగింది. రాయలేదన్నాను.

మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతురు వాళ్ళబ్బాయి మా ఇంటికొచ్చాడు. మీసం కట్టు వస్తోంది. మాటల్లో వాడికి ఈ కథ చెప్పాను. చివరి మాట కూడా దాచకుండా చెప్పాను. వాడు ఫోనులోంచి తలెత్తి, "ఆ బిట్టుకి మార్కు పడిందా పెద్దమ్మా?" అని అడిగాడు. ఏమో, తెలియదురా అన్నాను. వాడు ఏదో అనబోయి, వంటింటి వైపు చూసి ఊరుకున్నాడు. అక్కడ వాళ్ళమ్మ పప్పులో తాలింపు వేస్తోంది.