అంత్యక్రియల వ్యయము: ఋణమా? దానమా?

మనుష్యుడు మరణించిన క్షణము నుండి తాను ఆర్జించిన ధనమునకు తాను యజమాని కాడు. అయినను ఆ ధనముతో జరుగవలసిన మొట్టమొదటి కార్యము అతని దేహమునకు సంబంధించినదే. అప్పులవారు, వారసులు కాచుకొని యుండగలరు. శవము కాచుకొని యుండలేదు.

1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ఈ సత్యమును అంగీకరించినది. మృతుని ఆస్తి నుండి ఏది ముందు, ఏది వెనుక చెల్లింపవలెనో అందు కలదు. 320వ సెక్షను ప్రకారము, మృతుని అంతస్తునకు తగిన సమంజసమైన అంత్యక్రియల ఖర్చు, వైద్యుని ఫీజు మొదలగు అవసానకాలపు ఖర్చులు తక్కిన అప్పులన్నిటికంటె ముందు తీర్చవలెను. కోర్టు నుండి ప్రొబేటు పొందుట మొదలగు ఖర్చులు రెండవవి. చివరి మూడు నెలలలో మృతునికి పని చేసిన కూలీల, పనివారల, ఇంటి నౌకర్ల జీతములు మూడవవి. ఇతర ఋణము లటు తరువాత. వీలునామాలోని దానములు అన్నిటికిని కడపట.

ఈ క్రమములో న్యాయము కలదు. అప్పులపాలైన వాని శవమునకు కట్టెలు కొనిన పొరుగువానికి ఆ సొమ్ము తిరిగి రాదను భయ మున్నచో, ముందుకు వచ్చువారే యుండరు. కావున కాటి ఖర్చు ఋణములలో మొదటి ఋణము.

అయితే ‘సమంజసమైన’ యను మాటను మరువరాదు. కట్టెలు, వస్త్రము, బండి, కాటికాపరి కూలి, ఇవి ఋణము. ఊరూరి బంధువులకు విందు, గిన్నెల పంపకము, ఇవి దానము. పరుల సొమ్ముతో దానము చేయుట ధర్మము కాదు. అప్పులున్న ఇంట ఆ విందు అప్పులవారి సొమ్ముతో జరుగును. అప్పులు లేని ఇంట వితంతువు, పసిబిడ్డల వాటాలతో జరుగును. ఆ దినములలో ఆమె నోరు తెరచి వద్దనగలదా? అన్నచో మగనిపై ప్రేమ లేదందురు. ఆమె మౌనమును సమ్మతిగా లెక్కించుట అన్యాయము. ఇయ్యని దానిని తీసికొనరాదన్నదే అస్తేయవ్రతము. పసిబిడ్డ ఇచ్చెనని ఎవరు చెప్పగలరు?

జైన సిద్ధాంతము ప్రకారము జీవుడు దేహమును విడిచిన వెంటనే తన కర్మానుసారముగా మరియొక గతిని పొందును. ఇచ్చట వడ్డించిన విస్తరి అతనికి చేరదు.

‘తండ్రికి ఆ మాత్రము చేయకూడదా? లోకము నవ్వదా?’ అని కొడుకు అడుగును. అతని ప్రేమ నిజమైనదే. తన వాటాలో నుండి ఎంతైనను చేయవచ్చును. తల్లి వాటాతో తండ్రికి గౌరవము కొనరాదు. ఇక లోకభయ మెంత బలమైనదనగా, రాజస్థాన్ రాష్ట్రము 1960లో మృత్యుభోజ నివారణకై ప్రత్యేక చట్టమునే చేయవలసి వచ్చినది. కులపెద్దలే మొదట విందు మానిపించినచో చట్టముతో పని యేమి?

దహనము నాడే ఖర్చులకు వేరుగా లెక్క వ్రాసి, చేతి సొమ్ము పెట్టినవారికి మొదట తీర్చవలెను. పనిమనిషి జీతపు బాకీని ఆ లెక్క ప్రక్కనే వ్రాయవలెను. జీవించి యుండగానే తన అంత్యక్రియలకు ఇంత చాలునని వ్రాసి పెట్టినవాడు, తన భార్యను లోకుల నోటి నుండి కాపాడినవా డగును.