హార్మోనియము – కైంకర్యము



శ్రీవైష్ణవ సంప్రదాయమున గానము కేవలము అలంకారము కాదు, అది ఆరాధనము. శ్రీమన్నాథమునులు దివ్యప్రబంధమును సేకరించి, రాగతాళములతో తమ మేనల్లుళ్ళకు నేర్పినారు. భగవద్రామానుజులు భిక్షాటన వేళ తిరుప్పావైని అనుసంధించుచు నడచి 'తిరుప్పావై జీయర్' అను పేరు పొందినారు. ఆ మహనీయుల 216 అడుగుల పంచలోహ విగ్రహము 2022 ఫిబ్రవరి 5వ తేదీన శంషాబాద్ సమీపమున ముచ్చింతల్‌లో ఆవిష్కరింపబడినది.

2008లో విమానాశ్రయము ప్రారంభమైన పిదప శంషాబాద్ ప్రాంతపు రూపురేఖలు మారిపోయినవి. అయినను ఇటువంటి ఊళ్ళ రామమందిరములలో శనివారము రాత్రి భజన జరుగునపుడు, హార్మోనియము పెట్టె ముందు ఒక గృహస్థు కూర్చుండుట మనము చూచుచునే యున్నాము. పగలు పొలమో, దుకాణమో, ఉద్యోగమో అతని జీవనము. బాల్యమున పట్టిన మెట్లను తల నెరసిన పిదపను విడువలేదు. అతడు విద్వాంసుడు కాలేదు. సభలలో శాలువా కప్పించుకొనలేదు. ఒకనాడు అతనికి దిగులు కలుగుట సహజము: "ఇన్నేళ్ళు వాయించితిని. ఏమి సాధించితిని?"

ఈ ప్రశ్నకు అతని వాద్యమే కొంత సమాధానము చెప్పగలదు. హార్మోనియము మన దేశమున పుట్టినది కాదు. 1842లో పారిస్ నగరమున దెబాఁ అను శిల్పి దీనికి పేటెంటు పొందెను. తరువాత కలకత్తాలో, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఊదుచు వేరొక చేత వాయించుటకు అనువైన రూపము దాల్చినది. దీని స్వరములు స్థిరములు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు గమకము దీనికి చేతకాదు. ఈ లోపమును ఎంచి ఆలిండియా రేడియో 1940లో దీనిని నిషేధించినది. 1971లో గాని సడలింపు రాలేదు. ఆ కాలమంతయు మన పల్లెల భజనలలో ఇది మ్రోగుచునే యుండెను. ఏలయన, గమకము గాయకుని కంఠమునుండి వచ్చును. ఈ పెట్టె చేయవలసినది ఆ కంఠమునకు ఆధారమై నిలుచుటయే. తనకై కాక పరునికై ఉండుటయే శేషత్వమని పెద్దలు చెప్పుదురు.

వరాహ పురాణమందలి కైశిక మాహాత్మ్యమును స్మరింపుడు. నమ్పాడువాన్ అను భక్తుడు తక్కువ కులమున పుట్టినవాడు. ఏకాదశి రాత్రులలో వీణ చేబూని స్వామిని కీర్తించుట అతని వ్రతము. ఒకనాడు త్రోవలో బ్రహ్మరాక్షసుడు పట్టుకొనగా, "స్వామిని కీర్తించి తిరిగి వత్తును" అని ప్రమాణము చేసి, తెల్లవార్లు పాడి, ప్రాణమునకు వెఱవక తిరిగి వచ్చెను. ఆ రాక్షసుడు పూర్వజన్మమున లోభముచే, మంత్రవిధి తెలియక యజ్ఞము చేయించినవాడు. అతడు ఆకలి మరచి గానఫలమును యాచించెను. కైశిక రాగమున పాడిన పాట ఫలముతో ఆ జీవి తరించినది! నేటికిని తిరుమలలో కైశిక ద్వాదశినాడు సూర్యోదయమునకు ముందే ఉగ్రశ్రీనివాసమూర్తికి ఊరేగింపు జరుగుచున్నది.

ఆ భక్తుడు బిరుదునకై పాడలేదు, కూలికై పాడలేదు. ఫలము సైతము తనకై దాచుకొనలేదు. 'నమ్పాడువాన్' అనగా 'మన గాయకుడు' అని అర్థము. స్వామి "మనవాడు" అన్న పిదప ఏ సన్మానము కొఱత?

అయితే, భక్తి కలదుగదా యని శ్రుతి తప్పుట తగదు. పూలమాల కట్టువాడు వాడిన పూవును ఏరివేయును. అట్లే ప్రతిదినము కొంతసేపు సాధన చేయుటయు కైంకర్యమే. వ్రేళ్ళు బిగిసిన వృద్ధుడు తిత్తి ఊదవచ్చును. మనుమరాలి చేతిని షడ్జముపై నిలుపవచ్చును.

కావున, ఇంట మూలనున్న హార్మోనియమును దుమ్ము దులిపి తెరువుడు. గోవిందనామమునకు శ్రుతి నిలుపుడు. మీ వ్రేళ్ళ తడబాటును మన్నించి, మీ ప్రీతిని శ్రియఃపతి స్వీకరించుగాక!