ఎవరి చేయి ఎవరు పట్టవలెను?

నాలుగేండ్ల క్రిందట మా పాఠశాలలో చూపు లేని బాలుడొకడు క్రొత్తగా చేరెను. మొదటినాడు వసారా మెట్లకడ నేనతని చేయి పట్టుకొని గబగబ నడిపింపబోతిని. అతడు నిలిచి, "అయ్యా, తాము నా చేయి పట్టవలదు, తమ మోచేయి నేను పట్టుకొందును" అనెను. పట్టుకొన్నవాడు తలచినపుడు విడువగలడు. పట్టుబడినవాని కా స్వేచ్ఛ లేదు. ఇంత చిన్న భేదము నాకు నలువదియేండ్లు దాటువరకు తెలియలేదు.

జర్మనీ దేశపు వెరేనా బెంటెలే చరిత్రను తలచినపుడెల్ల నాకా బాలుడే జ్ఞప్తికి వచ్చును. ఆమె 1982లో జన్మించెను, పుట్టు అంధురాలు. కాళ్లకు పొడవైన పలకలు కట్టుకొని మంచుపై పరుగిడు స్కీ పందెములలోను, నడుమ తుపాకి గురి చూడవలసిన బయాథ్లాన్ పందెములలోను ఆమె 1998 మొదలు 2010 వరకు పారాలింపిక్ క్రీడలలో 12 స్వర్ణపతకములు గెలిచెను. చూపు లేనిదే గురి యెట్లని పాఠకులడుగవచ్చును. తుపాకి లక్ష్యమునకు చేరువగుకొలది చెవిలో ధ్వని మారును. ఆ స్వరభేదమును బట్టి మీట నొక్కుదురు. త్రోవ సంగతి వేరు. చూపుగల తోడొకడు ముందు పోవుచు కుడియనియు ఎడమయనియు పలుకుచుండును. ఆ కంఠమును నమ్మి వెనుకనున్నవారు పల్లములలో సయితము దూసికొని పోవుదురు.

2009లో నెసెల్‌వాంగ్‌లో జరిగిన జాతీయ పోటీలో ఆ కంఠము తప్పినది. కుడియెడమలు తారుమారయ్యెను. ఆమె యెండిన యేటి పల్లములో పడెను; మోకాలి స్నాయువు తెగెను, లోపలి యవయవములు గాయపడెను. మరుసటియేడు వాంకూవరులో మరియొక తోడు వెంట పరుగిడి 5 స్వర్ణపతకములు గొనివచ్చెను.

లోకులు దీనిని ధైర్యమందురు. నాకా మాట చాలదు. ఒకమారు మోసపోయిన మనలో ననేకులు ఆ మనుష్యుని మాత్రమే కాక నమ్ముటనే మానివేయుదుము. దానికి వివేకమని పేరు పెట్టుకొందుము. ఆమె కా వివేకము పనికిరాదు. ఎవనినో యొకని నమ్మనిచో ఇల్లు కదలుటయే లేదు. ఆలోచించినచో మన స్థితియు నంతే. వైద్యుని, వంతెన కట్టినవానిని, వార్తాపత్రికను నమ్మియే మన దినము గడచుచున్నది. కన్నులుండుటచే ఆ సంగతి మనకు మరుగుపడినది.

సాంఖ్యులు పంగ్వంధ న్యాయమును చెప్పుదురు. కుంటివాడు గ్రుడ్డివాని భుజమెక్కి త్రోవ చూపును. ఇద్దరును అడవి దాటుదురు. చదువుకొను దినములలో నాకొక సందేహముండెను: పోవలసిన యూరేదో నిర్ణయించున దెవరు? గురువుగారి నడుగుటకు జంకితిని. స్కీ పందెములో నుత్తరము స్పష్టము. త్రోవ చెప్పుట తోడువాని వంతు, పందెము ఆమెది.

ఈ ప్రశ్నయే రాజకీయములలో ఆమె కెదురయ్యెను. సోషల్ డెమొక్రాటిక్ పార్టీలో చేరిన యామెను 2014లో ప్రభుత్వము వికలాంగుల వ్యవహారములకు ప్రతినిధిగా నియమించెను. 2018 వరకు ఆమె యా పదవిలో నుండెను. అప్పటి జర్మను శాసనము ప్రకారము, సమస్త వ్యవహారములకును న్యాయస్థానము సంరక్షకుని నియమించినచో ఆ మనుష్యునికి ఓటు పోవును. అనగా తోడు నిచ్చి పందెమును తీసికొనుట! దీనిని తొలగింపవలెనని ఆమె వాదించెను. 2019 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పెను.

సంరక్షకుడు తన యిష్టమును వారి నోట పలికించునేమో యని కొందరి భయము. అది పూర్తిగా శూన్యమని నేననను, అట్టివారుందురు. కాని ఎవరి కంఠమును వినక ఓటు వేయువారు మన వీథిలో నెందరు? బావమరిది మాట, కులపెద్ద మాట, ఉత్తరక్షణమున మరచిపోవు ఉపన్యాసకుని మాట వినియే గదా మనము పోవుట? దానికై మన ఓటు నెవరును తీసికొనలేదు.

కన్నులు లేవని ధృతరాష్ట్రునికి మొదట రాజ్యము నిరాకరించిరి. తరువాత వచ్చిన కీడు కన్నుల వలన రాలేదు. విదురుని కంఠము సరియైన త్రోవనే చెప్పుచుండెను. అతడు విని, తెలిసి, కొడుకు పిలిచిన దిక్కునకే పోయెను.

ఆ బాలుడు మా పాఠశాల విడిచి రెండేండ్లయినది. వెళ్లునాడు నమస్కరించుటకు వచ్చి, మెట్లకడ నా మోచేయి తడవి పట్టుకొనెను. నేను మాటలాడుచు ఒక మెట్టు చెప్పుట మరచితిని. అతడు తూలి, నిలద్రొక్కుకొని, నవ్వెను. చేయి మాత్రము విడువలేదు.