ఇంటియొద్ద నిలిచినవారి పాలు

దూర ప్రయాణము చేసి క్షేమముగా ఇల్లు చేరినవారు, వచ్చు ఆదివారమున మందిరములో లేచి నాలుగు మాటలు సాక్ష్యము చెప్పి, కవరులో కృతజ్ఞతార్పణ వేయుట మన పల్లె సంఘములలో పెద్దలనాటినుండి ఉన్న మంచి అలవాటు. మేమును ఈ వేడుక చొప్పుననే చేసితిమి. చేసిన మూడు దినములకు మా మనస్సులో ఒక ప్రశ్న పుట్టినది. ఇల్లు విడిచి వెళ్లి వచ్చినవారు ఇంటియొద్ద ఉండిపోయినవారికి ఏమి అచ్చియున్నారు? ప్రియ చదువరులతో కలిసి ఈ సంగతి ఆలోచింపవలెనని ఇది వ్రాయుచున్నాము.

2025 మే నెలలో మేము అన్నదమ్ములము ముగ్గురము, మా ముగ్గురి భార్యలు, పిల్లలు ఏడుగురు, వెరసి పదుముగ్గురము ఒక వ్యాను బాడుగకు మాట్లాడుకొని ఒంగోలు దగ్గరనున్న మా ఊరినుండి కన్యాకుమారి వరకు వెళ్లి వచ్చితిమి. తొమ్మిది దినములు, రెండువేల కిలోమీటర్లకు పైగా. వెళ్లునప్పుడు సముద్రతీరము వెంబడి పోయి తరంగంబాడిలో ఆగితిమి. 1706 జూలై 9వ తేదీన జీగెన్‌బాల్గు, ప్లూట్షౌ అను ఇద్దరు యౌవనస్థులు ఓడ దిగిన చోటు అది. అక్కడి క్రొత్త యెరూషలేము దేవాలయము 1718 నాటిది. జీగెన్‌బాల్గు ఆ మరుసటి సంవత్సరమే 36 ఏండ్ల వయస్సున చనిపోయి అందులోనే సమాధి చేయబడెను. తరువాత తంజావూరు, మధుర చూచితిమి. కన్యాకుమారిలో 133 అడుగుల తిరువళ్లువరు విగ్రహమును, 2024 డిసెంబరు చివర తెరచిన గాజు వంతెనను చూచి పిల్లలు గంతులు వేసిరి. పల్లెలో పుట్టి పెరిగిన బిడ్డలు దేశము చూచుట మంచిదే. అందుకు మేము విచారపడుట లేదు.

తిరుగు ప్రయాణము సంగతి వేరు. వెళ్లునప్పుడు పిల్లలు కిటికీ ప్రక్క చోటు కొరకు పోట్లాడుకొనిరి. వచ్చునప్పుడు ఎవరికి ఏ సీటైనను ఒకటే. చెన్నపట్నము దాటువరకు ఎవరును మాట్లాడలేదు. తడ దగ్గర తెలుగు బోర్డులు కనబడగానే మాలో చిన్నవాడు లేచి, ఎరువుల కొట్టు మొదలుకొని కాఫీ హోటలు వరకు ప్రతి బోర్డును గట్టిగా చదువసాగెను. పొద్దు క్రుంకు వేళకు నెల్లూరులో పెన్న దాటితిమి. కావలిలో భోజనము చేసితిమి. సింగరాయకొండ దాటిన తరువాత పెద్ద రోడ్డు విడిచి మా ఊరి దారి పట్టగానే జామాయిలు తోటల వాసన వచ్చెను. ఎంత చిత్రము! తొమ్మిది దినములు చూచిన వింతలలో దేనికిని కలుగని సంతోషము మా చెరువుకట్ట మీది వీధిదీపము చూచినప్పుడు కలిగినది.

రాత్రి పది గంటలైనది. మా అమ్మ చేతికర్ర ఆనుకొని గేటు దగ్గర నిలిచియుండెను. ఆమె ప్రక్కన టార్చిలైటు పట్టుకొని ప్రక్కింటి బాబాయి. మేము ఒక్కొక్కరము దిగుచుండగా అమ్మ బయటికి వినబడునట్లు లెక్కపెట్టెను. పదుమూడు అనిన తరువాతనే ప్రక్కకు జరిగి దారి ఇచ్చెను. పస్కా పండుగ ముగించుకొని తిరిగి వెళ్లుచున్న యోసేపు మరియలు, పండ్రెండేండ్ల బాలుడు గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినప్రయాణము సాగిపోయిరని లూకా సువార్తలో చదువుచున్నాము. గుంపుతో నడుచువారికి లెక్క తప్పుట సులభము. గుమ్మములో నిలిచి ఎదురుచూచువారికి అట్లు తప్పదు.

"జున్ను పెట్టనా అయ్యా?" అని అమ్మ అడిగెను.

"వద్దమ్మా, కావలిలో తిన్నాం, కడుపు నిండుగా ఉంది" అని చెప్పి పండుకొంటిమి.

పశువులున్న ఇండ్లవారు మా తప్పు ఇప్పటికే కనిపెట్టియుందురు. ఇంట జున్ను ఉన్నదనగా గేదె ఈనినదని అర్థము. సూడి గేదెను విడిచి వెళ్లినవారము, ఆ మాట చెవిని పడియు వినలేదు. ఉదయమున దూడను చూచి, "పెయ్యదూడే!" అని సంతోషించితిమి గాని, ఎట్లు ఈనినదని అడుగలేదు. సంచులు దించుట, బట్టలు ఉతుకుట, ఫోనులో తీసిన ఫోటోలు వచ్చినవారికెల్ల చూపుట, ఇదే పని. అమ్మకు తంజావూరి తల ఊపు బొమ్మ ఇచ్చితిమి. బాబాయికి తాటిబెల్లము, ఒక తువ్వాలు. అమ్మకు మూడువందల ఫోటోలు చూపితిమి. ఆమె వాటినన్నిటిని ఓపికగా చూచి, "పిల్లోడు ఇంత నల్లబడ్డాడేందిరా?" అని మాత్రము అనెను.

ఆదివారము సాక్ష్యములో తిండివనము దగ్గర టైరు పగిలినను ఎవరికిని దెబ్బ తగులలేదని చెప్పితిమి. డ్రైవరు నిదానస్థుడని చెప్పితిమి. కిలోమీటర్లు కూడ చెప్పితిమి. స్త్రీల వైపు చాప మీద కూర్చున్న అమ్మ పేరు గాని, బాబాయి పేరు గాని ఎత్తలేదు. కావలెనని మానలేదు, తోచలేదు.

బుధవారము మధ్యాహ్నము ఇంటివారు ఫ్రిజ్జు తుడుచుచుండగా వెనుక అరలో ఒక స్టీలు డబ్బా దొరికినది. మూత తీయగా పులిసిన వాసన. లోపల జున్ను ముక్కలు, చక్కగా కోసి వరుసగా పేర్చినవి. లెక్కించిరి. పదుమూడు. అన్నియు కుడితిలో పోయవలసి వచ్చెను. "ఏమ్మా, నువ్వు తినలేదా?" అని అడుగగా, "నాకు, మీ బాబాయి వాళ్లకి అయిందిలే. అయి మీ పాలు. మీకని తీసిపెట్టా" అనెను.

అప్పుడు అడిగితిమి, ఆ రాత్రి ఏమి జరిగినదని. మేము కన్యాకుమారిలో సూర్యోదయము చూచుటకు పెందలకడ పండుకొన్న రాత్రియే అది. గాలివానకు కరెంటు పోయినది. దూడ ముందుకాలు ఒకటి లోపల మడతపడి అడ్డము తిరిగినది. పశువుల డాక్టరుకు ఫోను చేసిన, తెల్లవారిన గాని రాలేనని చెప్పెను. బాబాయి చేతికి నూనె రాచుకొని లోపల చెయ్యి పెట్టి కాలు సరిచేసి దూడను తీసెను. అమ్మ కొట్టములో నేలమీద కూర్చుండి కోడి కూయువరకు టార్చిలైటు పట్టుకొని యుండెను. వ్యాను మెట్లు ఎక్కలేవు కదా అని మేము ఇంటియొద్ద విడిచిన ఆ మోకాళ్లతోనే! "మాకు ఫోను చేయకపోతివా?" అంటే, "చేస్తే ఏం జేస్తారు, అక్కణ్ణించి పరుగెత్తుకొస్తారా? పిల్లలు బెంగపడరూ?" అనెను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వరుస చొప్పున చదువుచున్న భాగము మొదటి సమూయేలు గ్రంథము 30వ అధ్యాయము. సిక్లగు తగులబడి, భార్యలును పిల్లలును చెరపట్టబడినప్పుడు దావీదు ఆరువందలమందితో అమాలేకీయులను తరుముకొని పోయెను. బెసోరు వాగు దగ్గర రెండువందలమంది అలసి ఆగిపోయిరి. నాలుగువందలమంది ముందుకు సాగి, పోయినదంతయు విడిపించుకొని, దోపుడుసొమ్ముతో తిరిగి వచ్చిరి. వారిలో కొందరు, మనతో రానివారికి వారి భార్యాబిడ్డలను అప్పగించుటే చాలును, సొమ్ములో ఏమియు ఇయ్యనక్కరలేదనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధములో దిగినవానికిని సామాను కనిపెట్టుకొని కూర్చున్నవానికిని భాగములో భేదము లేదని తీర్పు చేసెను. అది ఇశ్రాయేలులో కట్టడగా నిలిచెను.

చిన్ననాటినుండి విన్న కథయే. అయితే ఆ దుర్మార్గుల వరుసలో మేమును నిలిచియుందుమని ఎన్నడును తలంచలేదు. వారు ఇయ్యవద్దనిరి, మేము మరచితిమి. ఈ రెంటికిని తేడా ఉన్నదా? పుచ్చుకొనవలసినవారి ప్రక్కన నిలిచి చూచిన ఆ తేడా బహు కొంచెము.

ఆ అధ్యాయములో మునుపు మేము గమనింపని సంగతులు రెండు కనబడినవి. ఒకటి, ఆ రెండువందలమంది ఇంట కూర్చున్నవారు కారు. వాగువరకు అందరితో సమానముగా నడచి, అక్కడ శక్తి చాలక ఆగినవారు. మా అమ్మయు అట్టిదే. పొగాకు కోతలకును మిరప కోతలకును వెళ్లి మమ్మును చదివించిన కాళ్లు అవి. ఆమె మోకాళ్లు అరిగిన దారిమీదనే మేము ఇంత దూరము వచ్చితిమి. రెండవది, దావీదు పంపకము మాట రాకమునుపే వారియొద్దకు వచ్చి వారి క్షేమము విచారించెను. మేము బొమ్మ తెచ్చితిమి, బెల్లము తెచ్చితిమి, ఫోటోలు చూపితిమి. మీరెట్లుంటిరని అడుగుట ఒక్కటి విడిచితిమి.

"అమ్మయే రానన్నది గదా" అని మాలో ఒకరు అనిరి. నిజమే. "నాకేందిరా, మీరు పొయ్యి రండి, గొడ్లని ఎవురు జూస్తారు?" అనెను. అయితే మేము అడిగిన విధమేమి? "నీకు మోకాళ్లు నొప్పులు కదమ్మా, రాగలవా?" అని అడిగితిమి. జవాబు ప్రశ్నలోనే పెట్టి ఇచ్చితిమి. సత్యము చెప్పవలెనంటే వ్యానులో ఉన్నవి 12 సీట్లు. చిన్నవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొనిన గాని మాకే చాలలేదు. పదునాలుగవ మనిషి వచ్చిన పెద్ద బండి మాట్లాడవలెను, గంటకొకసారి ఆపవలెను, గదులు క్రింది అంతస్తులో వెదకవలెను. ఇవన్నియు లోలోపల లెక్కవేసికొని, పైకి మోకాళ్ల పేరు చెప్పితిమి. యాకోబు స్వదేశమునకు తిరిగి వచ్చుచున్నప్పుడు, కలిసి పోదము రమ్మనిన ఏశావుతో, పిల్లలు పసివారు, మందలు పాలిచ్చునవి, వాటి నడకనుబట్టి మెల్లగా శేయీరునకు వచ్చెదనని చెప్పెను. బోధకులు ఈ మాటను దయగల తండ్రికి మాదిరిగా చెప్పుదురు. ఆ దయ అబద్ధము కాకపోవచ్చును. గాని తరువాతి వచనములు చదివిన, యాకోబు శేయీరునకు పోనేలేదు. సుక్కోతునకు పోయి అక్కడ ఇల్లు కట్టుకొనెను. బలహీనుల పేరు చెప్పి మన ఇష్టము నెరవేర్చుకొనుట పితరులనాటినుండి ఉన్నదే. అమ్మ ఈ సంగతి ఎరుగదని మేము అనుకొనుట లేదు.

బాబాయికి డబ్బు ఇయ్యబోతిమి. రోజుకు ఇంత చొప్పున తొమ్మిది దినముల కూలి కట్టి, గురువారము ప్రొద్దున తీసికొనిపోతిమి. ఆయన ముఖము చిన్నబోయెను. "నేను మీ ఇంట్లో కూలికున్నానా?" అనెను. తల వంచుకొని తిరిగి వచ్చితిమి. కూలి ఇచ్చిన లెక్క తీరిపోవును. తరువాత ఎవరి దారి వారిది. భాగము అట్టిది కాదు, పని ఒక్కటే అని ఒప్పుకొనుట అది. మేము కన్యాకుమారిలో నిశ్చింతగా నిద్రపోగలిగినది కొట్టములో ఆ ఇద్దరు మేలుకొని యుండుటవలననే గదా.

అయితే దోపుడుసొమ్మును పంచవచ్చును గాని, చూచిన సముద్రమును ఎట్లు పంచుదుము? ఫోటోలతో అది కాదని తెలిసికొంటిమి. చూచినదానిని పంచలేకపోయినను, అందరి తొమ్మిది దినములను కలుపుకొనవచ్చునని మాకు తోచుచున్నది. మా తొమ్మిది దినములను వారు ఓపికతో విన్నారు. వారి తొమ్మిది దినములు వినువారు లేక మిగిలిపోయినవి. అవి వినుటయైనను మేము అచ్చియున్న భాగములో ఒకటి. వచ్చు ప్రయాణమునకు పెద్ద బండి మాట్లాడుట మరియొకటి. ఈ రెండవది చెప్పుట తేలిక. చేయుదుమో లేదో మా ఇంటివారే చూతురు.

గురువారము సాయంకాలము చేతిలో ఏమియు లేకుండ అమ్మను పట్టుకొని నడిపించుకొనుచు బాబాయి ఇంటికి పోతిమి. పిల్లలును వెంట వచ్చిరి. "ఆ రాత్రి సంగతి మొదటినుంచి చెప్పు బాబాయి" అని అడిగితిమి. ఆయన మొదట సంకోచించి, పిన్ని టీ తెచ్చిన తరువాత మొదలుపెట్టెను. చెప్పుచుండగా గొంతు పెరిగినది. లేచి నిలువబడి చెయ్యి ఎట్లు పెట్టెనో, కాలు ఎట్లు త్రిప్పెనో చూపించెను. పిల్లలు గాజు వంతెన మీద నిలిచినంత కదలకుండ నిలిచిరి.

"దూడ బయటపడేటప్పటికి కరెంటొచ్చింది" అని బాబాయి అనెను.

"ఏడొచ్చింది?" అని అమ్మ మంచము మీదనుండి అడ్డుపడెను. "తల్లి దూడని నాకేదాకా టార్చి నా చేతిలోనే ఉండె. కరెంటొచ్చింది ఆ తర్వాత."

"కాదు వదినా, ముందే వచ్చింది."

"నీకేం తెలుసు, నీ చూపంతా దూడ మీదుండె!"

పిన్ని నవ్వుచు మరల టీ పెట్టుటకు లోపలికి పోయెను. ఆ సంగతి తేలువరకు రాత్రి తొమ్మిదియైనది.