శరణు జొచ్చిన శునకము

నంద్యాలకు మహానంది, ఆళ్లగడ్డకు అహోబిలము. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాకు ఈ రెండు క్షేత్రములు రెండు కన్నుల వంటివి. ఒకచోట పరమేశ్వరుని ఎదుట వృషభము పూజలందుకొనుచున్నది. మరొకచోట పరమాత్మ తానే సింహముఖమును ధరించి భక్తుని రక్షించెను. భగవంతుడు పశురూపమును తక్కువగా చూడలేదనుటకు వేరొక సాక్ష్యము అక్కరలేదు. అయినను వాకిట పడియుండు కుక్క మాట వచ్చునప్పటికి మనుష్యుడు ధర్మమును తన సౌకర్యమునకు తగినట్లు చదువుకొనును.

ఆళ్లగడ్డలో ఒక గృహస్థుని ఇంట పదేండ్లు కావలి కాచిన శునకము ఉన్నదనుకొందము. అది రాత్రులందు దగ్గుచున్నది. నాలుగడుగులు వేసిన ఆయాసపడుచున్నది. ఒకనాడు సొమ్మసిల్లి పడినది. నంద్యాలకు తీసికొనిపోగా పశువైద్యుడు పరీక్షించి, గుండెలోని కవాటము సరిగా మూతపడక రక్తము వెనుకకు మరలుచున్నదనియు, ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నదనియు చెప్పెను. మందులతో వ్యాధి నయము కాదు. కొంతకాలము సుఖముగా మాత్రము ఉండును. రెండు పూటలా మందు వేయవలెను. మాటిమాటికి నలుబది కిలోమీటర్ల ప్రయాణము. అప్పుడు బంధువులు, "దీనిని అహోబిలమున వదలి రండి. యాత్రికులు పెట్టు ప్రసాదముతో బ్రతుకును, స్వామి సన్నిధిలో పోయిన పుణ్యమును దక్కును" అనిరి. ఈ మాటలో దయ ఉన్నట్లే తోచును. నిజముగా ఉన్నదా?

ఈ ప్రశ్నకు మహాప్రస్థానిక పర్వములో సమాధానము కలదు. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోగా ధర్మరాజు వెంట మిగిలినది ఒక్క కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కకు స్వర్గమున చోటు లేదు, విడిచి రమ్మనెను. భక్తితో వెంట వచ్చినదానిని విడుచుట మహాపాపమని ధర్మరాజు నిరాకరించెను. తమ్ములను విడిచినవాడవు కుక్కను విడువలేవా అని ఇంద్రుడు మరల అడిగెను. చనిపోయినవారిని బ్రతికింపజాలక విడిచితిని గాని, బ్రతికియుండగా ఎవరిని విడువలేదని ధర్మరాజు బదులు చెప్పెను.

ధర్మసూక్ష్మమంతయు ఈ బదులులోనే ఉన్నది. వ్యాధి నయమగునా కాదా యన్నది వైద్యుని ప్రశ్న. ప్రాణమున్నదా లేదా యన్నదే ధర్మరాజు ప్రశ్న. ప్రాణమున్నంతవరకు బాధ్యత ఉన్నది. ఆయన స్వర్గద్వారమున సైతము కుక్కను విడువలేదు. మనము దేవుని గుడి వాకిటనే విడువ జూచుచున్నాము. పైగా పులిహోర, దధ్యోదనము మనకు ప్రసాదములే గాని, ఉప్పు చేటు చేయు ఆ రోగికి అపథ్యములు. పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

జడభరతుని కథ తెలిసిన ఆస్తికులు ఇక్కడ ఒక శంక చేయుదురు. లేడిపిల్లను పెంచి, దానినే తలచుచు దేహము చాలించి, ఆయన లేడియై పుట్టెను గదా, జంతువుపై ఇంత మమకారము తగునా యని. ఆయన దోషము ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను కాపాడుట కాదు. దాని ధ్యాసలో పడి తన నిత్యానుష్ఠానమును మరచుట. పిల్లల చదువును, వృద్ధుల మందులను ఆపి కుక్కకు ఖర్చు చేయుట మమకారము. అన్నింటితోపాటు దానికిని దాని భాగమునిచ్చుట కరుణ. వైశ్వదేవమునందు శునకములకును అన్నము పెట్టుమని విధించిన శాస్త్రము ఈ భాగమునే చెప్పినది. శక్తి చాలనివాడు ఆ మాట వైద్యునకు దాచక చెప్పి, తగిన చికిత్స నడుగవలెను. యథాశక్తి చేసినవానికి దోషము లేదు. శక్తి ఉండియు విడిచినవానికి కలదు.

ఈ సేవ పెద్ద కష్టమైనది కాదు. కుక్క నిద్రించునపుడు రొమ్ము ఒకసారి లేచి పడుటను ఒక శ్వాసగా లెక్కించవలెను. నిమిషమునకు ముప్పది దాటుచుండినచో వైద్యునకు వెంటనే తెలుపవలెను. నీరు తీయు మందు వాడుచున్నపుడు మూత్రము ఎక్కువగును. విసుగుకొని త్రాగునీరు మాన్పించరాదు. ఊరగాయ, అప్పడము, ఉల్లి పెట్టరాదు. మన సీమ ఎండలలో నీడపట్టున ఉంచి, తెల్లవారుజామున కొలదిగా నడిపించవలెను. మందు మోతాదును సొంతముగా మార్చరాదు. కవాట వ్యాధితో గుండె పెరిగినను ఆయాసము ఇంకను మొదలుకాని శునకములకు పిమోబెండాన్ అను మందు ఇచ్చినచో, గుండె విఫలమగుట సుమారు 15 నెలలు ఆలస్యమగునని 2016లో వెలువడిన పరిశోధన తెలిపినది. కావున వయసు మీరిన కుక్కను ముందుగానే పరీక్ష చేయించుట మేలు. పది పన్నెండేండ్ల ఆయువులో పదునైదు నెలలు స్వల్పము కాదు.

ధర్మరాజు విడువని ఆ కుక్క చివరకు యమధర్మరాజుగా ప్రత్యక్షమయ్యెను. మన వాకిట దగ్గుచున్న కుక్క అట్లు ప్రత్యక్షము కాకపోవచ్చును. ఫలము కనబడదని తెలిసియు నడిరేయి లేచి దాని శ్వాసను లెక్కించువాని ఇంట ధర్మము ముందే వచ్చి కూర్చున్నది.